నొక్కితే వినేదెవరు?

మా సంఘంలో ఒక సహోదరుడు కానిస్టేబుల్. పోయిన నెల మొదటి ఆదివారం మా చర్చికి రెండు వీధుల అవతల ఏదో ఊరేగింపు బందోబస్తులో ఉన్నాడు. ప్రభు బల్ల వేళకు పై అధికారిని అడిగి పది నిమిషాలు వచ్చి వెళ్లాడు. యూనిఫాంలోనే, భుజానికి వైర్‌లెస్ సెట్ తగిలించుకునే వచ్చాడు. తిరిగి వెళ్తూ చెప్పులు తొడుక్కుంటుంటే సండే స్కూలు పిల్లవాడొకడు ఆ సెట్ పైన ఉన్న నారింజ రంగు బటన్ మీద వేలు పెట్టబోయాడు. "ఒరేయ్ నాన్నా, దాన్ని ముట్టుకోకురా! నొక్కావంటే మన చర్చి ముందు జీపులు దిగుతాయి" అంటూ ఆయన సెట్ పక్కకు లాక్కున్నాడు. పిల్లలు నవ్వారు. మాకు మాత్రం ఆ మాట వారమంతా చెవిలో ఉండిపోయింది.

తర్వాత ఆయన్ను కూర్చోబెట్టి ఆ బటన్ సంగతి అడిగాం. తెలిసినంత చెప్పాడు. మిగిలినది మేము చదివి తెలుసుకున్నాం. ఈ కాలపు పోలీసు సెట్లలో చాలావాటికి ఏరియల్ పక్కనే ఆ బటన్ ఉంటుంది. చీకట్లో, చేతికి తొడుగు ఉన్నా, చూడకుండా వేలికి తగిలేలా పెడతారు. దాన్ని నొక్కితే ముందు ఆ సెట్ నంబరు కంట్రోల్ రూమ్ తెర మీద వెలుగుతుంది. అంటే ఆపదలో ఉన్నది ఎవరో నోరు తెరిచి చెప్పక్కర్లేదు. జీపీఎస్ ఉన్న సెట్ అయితే ఎక్కడున్నాడో కూడా కనిపిస్తుంది. మామూలుగా మాట్లాడాలంటే పక్కనున్న మీట నొక్కి పట్టుకోవాలి కదా. ఎమర్జెన్సీ బటన్ నొక్కితే, సెట్‌ను అలా అమర్చి ఉంటే, కొన్ని సెకన్లపాటు మైకు దానంతటదే తెరుచుకుంటుంది. పడిపోయినవాడి మూలుగైనా, ఎదుటివాడి అరుపైనా అవతలికి వినిపిస్తుంది. ఆ ఛానల్‌లో ఎవరు ఏం మాట్లాడుతున్నా ఈ పిలుపుకే ముందు దారి. అన్నిటికంటే ముఖ్యం, కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషి "విన్నాను" అని తన వైపు నుంచి ఒప్పుకొనేదాకా ఆ అలారం మోగుతూనే ఉంటుంది. కొన్ని సెట్లలో ఇంకో ఏర్పాటు కూడా ఉంది: మనిషి కిందపడి కదలకుండా ఉంటే, ఎవరూ నొక్కకుండానే సెట్ ఆ కేక వేస్తుంది.

పొరపాటున నొక్కుకుపోయే బటన్లూ చాలానే ఉంటాయట. జీపు దిగేటప్పుడు సీటుకు తగిలి, బెల్టుకు ఒరుసుకుని. అలాంటప్పుడు కూడా కంట్రోల్ రూమ్ "ఊరికే నొక్కి ఉంటాడులే" అని వదిలేయకూడదు. పిలిచి కనుక్కోవాలి. జవాబు రాకపోతే మనుషుల్ని పంపాలి. వందసార్లు పొరపాటైనా నూటొకటోసారి నిజం కావచ్చు.

ఒక మాట ముందే చెప్పేస్తాం. ఆ బటన్ పోలీసులకు ఉండాల్సిందే. సామాజిక న్యాయం గురించి రాసేవాళ్లు పోలీసు కష్టం గురించి మాట్లాడరని మన సంఘాల్లోని పోలీసు కుటుంబాలు నొచ్చుకుంటాయి. అందులో నిజం లేకపోలేదు. మన తెలుగు సంఘాల్లో, అటు ఆంధ్ర తెలంగాణల్లోనైనా ఇటు బెంగళూరు, చెన్నై, షోలాపూర్ వైపైనా, కింది స్థాయి పోలీసు ఉద్యోగాల్లో ఉన్న బిడ్డలు తక్కువేమీ కాదు. అల్లర్ల ముందు వరసలో నిలబెట్టేది వాళ్లనే. వరస డ్యూటీలూ, రద్దయ్యే సెలవులూ వాళ్లవే. సెట్ కూడా అందరికీ దొరకదు. హోంగార్డు చేతిలో చాలాసార్లు లాఠీ మాత్రమే ఉంటుంది. రాత్రి గస్తీలో ఒంటరిగా తిరిగే మహిళా కానిస్టేబుల్‌కు ఆ నారింజ బటన్ ఉందో లేదో అడగడం కూడా న్యాయం పనే.

బటన్ ఉంటే చాలదన్న సంగతి పోలీసులకే బాగా తెలుసు. 2008 నవంబర్ 26 రాత్రి ముంబైలో కామా ఆసుపత్రి దగ్గర హేమంత్ కర్కరే, అశోక్ కామ్టే, విజయ్ సలాస్కర్ ఒకే వాహనంలో వెళ్తూ కాల్పులకు బలైపోయారు. ముగ్గురూ పెద్ద అధికారులు. నగరమంతా వైర్‌లెస్ నడుస్తూనే ఉంది. తర్వాత కామ్టే భార్య వినీత గారు సమాచార హక్కు కింద కంట్రోల్ రూమ్ మాటల రికార్డులు తెప్పించుకుని చదివారు. అదనపు బలగాలు కావాలన్న అభ్యర్థన అందులో ఉందనీ, దాని మీద సకాలంలో కదలిక లేదనీ ఆమె పుస్తకమే రాశారు. పోలీసు అధికారులు ఆ వాదనను ఒప్పుకోలేదు. ఎవరి మాట ఎంత నిజమో తేల్చేవాళ్లం మేము కాదు. మేము గమనించింది వేరే సంగతి. ఆ మాటలు రికార్డయి ఉన్నాయి కాబట్టే ఒక భార్య వెళ్లి అడగగలిగింది. పిలుపు ఎప్పుడు వచ్చింది, ఎవరు విన్నారు, ఎన్ని నిమిషాలకు కదిలారు అన్నది కాగితం మీద ఉంటేనే తర్వాత న్యాయం అడగడానికి చోటుంటుంది.

ఇప్పుడు అదే కంటితో 2020 జూన్‌లో తమిళనాడులోని సాత్తాన్‌కుళం వైపు చూడండి. లాక్‌డౌన్ వేళ దాటాక సెల్‌ఫోన్ కొట్టు తెరిచి ఉంచారన్న ఆరోపణతో జయరాజ్ గారిని, ఆయన వెనకే స్టేషన్‌కు వెళ్లిన కొడుకు బెన్నిక్స్‌ను పట్టుకున్నారు. తండ్రీ కొడుకులు, మన విశ్వాసులు. కొన్ని గంటల తేడాలో ఇద్దరూ చనిపోయారు. విచారణకు వెళ్లిన మేజిస్ట్రేట్ ఆ స్టేషన్ కెమెరాల సంగతి చూస్తే, హార్డ్ డిస్క్‌లో బోలెడు చోటున్నా ఏ రోజు దృశ్యాలు ఆ రోజే చెరిగిపోయేలా అమర్చి ఉంది. సీబీఐ తొమ్మిదిమంది పోలీసుల మీద చార్జిషీటు వేసింది.

ఆ స్టేషన్‌లో ఆ రాత్రి డ్యూటీలో ఒక మహిళా హెడ్ కానిస్టేబుల్ ఉన్నారు. తాను చూసింది ఆమె మేజిస్ట్రేట్‌కు చెప్పారు. భయపడుతూ చెప్పారు. వాంగ్మూలం మీద సంతకం పెట్టడానికి కూడా జంకారని మేజిస్ట్రేట్ తన నివేదికలో రాశారు. మేము ఆమె గురించి ఎక్కువగా ఆలోచించాం. ఆ స్టేషన్‌లో వైర్‌లెస్ ఉంది, కంట్రోల్ రూమ్‌కు దారి ఉంది. బయట దొంగలో అల్లరి మూకో మీద పడితే పిలవడానికి అన్నీ ఉన్నాయి. కానీ పక్క గదిలో తన సహోద్యోగులే మనిషిని చావబాదుతుంటే ఆమె ఏ బటన్ నొక్కాలి? నొక్కినా వచ్చేది ఎవరు? లోపల దెబ్బలు తింటున్న ఇద్దరికి లేనట్టే, చూస్తున్న ఆ ఒక్కతెకూ దారి లేదు.

చట్టం ఆ దారిని అసలు వెయ్యలేదని కాదు. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు అరెస్టయిన ప్రతి మనిషి వివరం 12 గంటల్లో పోలీసు కంట్రోల్ రూమ్‌కు చేరాలనీ, అక్కడ బోర్డు మీద కనిపించాలనీ చెప్పింది. ఇది ఎంతమందికి తెలుసు? బయట ఉన్న పోలీసు ఆపద ఏ గదికి చేరుతుందో, లోపల ఉన్న మనిషి పేరు కూడా అదే గదికి చేరాలన్నమాట. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త నాగరిక్ సురక్షా సంహిత కూడా ప్రతి జిల్లాలో కంట్రోల్ రూమ్ ఉండాలనీ, అరెస్టయినవాళ్ల వివరాలు ప్రదర్శించాలనీ అంటుంది. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో ప్రతి స్టేషన్‌లో, లాకప్పులూ వరండాలూ సహా, మాట కూడా రికార్డయ్యే కెమెరాలు పెట్టమన్నారు. ఆ రికార్డును నెలల తరబడి దాచమన్నారు. 2025 సెప్టెంబర్‌లో అదే సుప్రీంకోర్టు, స్టేషన్లలో కెమెరాలు పనిచేయడం లేదన్న వార్త చూసి తనంతట తానే మళ్లీ విచారణ మొదలుపెట్టాల్సి వచ్చింది. అయిదేళ్ల తర్వాత కూడా పరిస్థితి అదీ. పోలీసు సెట్ మీది బటన్ పాడైతే సెట్ మార్చక తప్పదు. లాకప్పు కెమెరా పాడైతే?

సామాన్యులకు బటన్ ఇవ్వలేదా అంటే ఇచ్చారు. 2012 డిసెంబర్ ఢిల్లీ ఘటన తర్వాత దేశం కదిలింది. నిర్భయ నిధి వచ్చింది. 2017 నుంచి అమ్మే ప్రతి సెల్‌ఫోన్‌లో పానిక్ బటన్ ఉండాలని నియమం వచ్చింది. మామూలు ఫోన్లలో 5 అంకెనో 9 అంకెనో నొక్కి పట్టుకోవాలి. స్మార్ట్ ఫోన్లలో ఫోన్‌ను బట్టి పవర్ బటన్‌ను వరుసగా మూడుసార్లో అయిదుసార్లో నొక్కాలి. అన్ని ఆపదలకూ 112 అన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో దిశ యాప్ వచ్చింది. బస్సుల్లో, ట్యాక్సీల్లో ఎర్ర బటన్లు బిగించారు. బెంగళూరులో రోడ్డు పక్కన నొక్కితే పోలీసులతో మాట్లాడే స్తంభాలు నిలబెట్టారు. ఇవన్నీ మంచివే. వీటివల్ల బతికి బయటపడ్డ ఆడపిల్లలు ఉన్నారు, మేము కాదనం.

కానీ 2019 నవంబర్ 27 రాత్రి శంషాబాద్ దగ్గర ఏం జరిగిందో మనం మరిచిపోలేదు. ఆ డాక్టరమ్మ భయం వేసి చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలికి కాకుండా 100కి చేసి ఉంటే బతికేదని అప్పటి తెలంగాణ హోంమంత్రి అన్నారు. జనం మండిపడ్డాక వివరణ ఇచ్చుకున్నారు. ఇంట్లోవాళ్లు ఆ రాత్రి స్టేషన్‌కు వెళ్తే ఇది మా పరిధి కాదు, ఆ స్టేషన్‌కు పొమ్మని తిప్పారన్న ఆరోపణ మీద ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. చివరకు డిసెంబర్ 6న నలుగురు నిందితులను ఎన్‌కౌంటర్ పేరుతో కాల్చి చంపారు. ఊళ్లు పూలు చల్లాయి. మన సంఘాల్లో కూడా చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. అది చెప్పుకోవడానికి మాకు సిగ్గుగా ఉంది. సిర్పూర్కర్ కమిషన్ ఆ కాల్పులు కావాలనే చంపే ఉద్దేశంతో జరిపినవని 2022లో తేల్చింది. పిలిచినప్పుడు రాని యంత్రాంగం, చచ్చాక తుపాకీతో వచ్చింది. దాన్ని న్యాయం అనుకున్నాం.

ఆ అమ్మాయి చెల్లెలికి ఎందుకు ఫోన్ చేసింది? ఆ ప్రశ్నకు జవాబు ఏ ఆడబిడ్డనడిగినా చెబుతుంది. చెల్లెలు ఎత్తుతుందని తెలుసు. "ఎందుకంత రాత్రి అక్కడున్నావు" అని అడగదని తెలుసు. పోలీసు తన సెట్ బటన్ నొక్కేటప్పుడు అవతల ఉన్నది తన వాళ్లేనన్న నమ్మకంతో నొక్కుతాడు. ఆ నమ్మకం లేని చోట ఎన్ని బటన్లు బిగించినా వేలు వాటి మీదకు పోదు.

ఇక మన సొంత మనుషుల దగ్గరికి వద్దాం. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో తెలుగు మాట్లాడే దళిత కుటుంబాలవాళ్లే ఎక్కువ. చెన్నైలోనూ పారిశుధ్య పనిలో తరాలుగా తెలుగువాళ్లున్నారు. పొద్దు పొడవకముందే చీపురు పట్టుకుని రోడ్డు మీద ఉండేది మన అక్కలూ అమ్మలే. మా సంఘంలో ఒక అక్కను అలాంటి ఒక తెల్లవారుజామున బైకు గుద్ది వెళ్లిపోయింది. పక్కన ఊడుస్తున్న ఇంకో అక్క ధైర్యం చేసి 112కి ఫోన్ చేసింది. ఆమె పుట్టింది ఇక్కడే. కూరగాయల బేరం, కాంట్రాక్టరుతో గొడవ, అన్నీ కన్నడలోనే చేస్తుంది. కానీ రక్తం చూసేసరికి నోట తెలుగు తప్ప ఇంకో మాట రాలేదు. అవతలివాళ్లు కన్నడలో అడుగుతున్నారు, హిందీలో అడుగుతున్నారు. ఈమె "రండయ్యా, రండయ్యా" అని ఏడుస్తోంది. ఏ వీధో చెప్పలేకపోయింది. చివరకు పాలబండి కుర్రాడు ఫోన్ అందుకుని చెప్పాడు. అంబులెన్సు వచ్చింది. ఆ అక్క బతికింది. ఎవరినీ నిందించడానికి ఇది రాయడం లేదు. ఫోన్ ఎత్తిన అమ్మాయి తన పని తాను చేసింది. కానీ పోలీసు బటన్‌లో మొదటి సుగుణం ఏమిటి? మాట రాకపోయినా పని జరగడం. మాట రాని మనిషికే బటన్ ఎక్కువ అవసరం. మనలాగా రాష్ట్రం కాని రాష్ట్రంలో మూడు నాలుగు తరాలుగా ఉంటున్నవాళ్లకు ఇది రోజువారీ సంగతి. యానాం వాళ్లకు ఈ బాధ తక్కువేమో గానీ, బరంపురంలో, భివండీలో, హోసూరులో ఉన్న సంఘాలవాళ్లు తమ అనుభవాలు తవ్వితే ఇలాంటివే దొరుకుతాయి.

మా దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. కోలారు బంగారు గనుల్లో పనిచేసి, 2001లో గనులు మూతపడ్డాక బెంగళూరు వచ్చేశారు. బటన్ మాట వస్తే ఆయన గని గంట గురించి చెప్పారు. షాఫ్టులో దిగే బోనును పైనుంచి యంత్రం మీద నడిపే మనిషికి కిందవాళ్లు కనిపించరు, వినిపించరు. గంట కొట్టే లెక్కను బట్టి ఆపాలో, దించాలో, లేపాలో తెలుసుకోవాలి. "దొరలకు మేము మనుషులమో కాదో గానీ, గంట కొడితే మాత్రం ఎవడైనా ఆపాల్సిందే అయ్యగారూ. కొట్టింది కూలోడా, మేస్త్రీనా అని చూడరు" అన్నారాయన. గనిలో అదొక్కటే సమానత్వం అని నవ్వారు కూడా.

అదే కోలారు గనుల పట్టణంలో బెజవాడ విల్సన్ గారు పుట్టారు. ఇంటిపేరే చెబుతుంది ఎక్కడి వేరో. భూమి లోపల మూడు కిలోమీటర్లు దిగినవాడికి గంట ఉంది. అదే ఊళ్లో పొడి మరుగుదొడ్లు ఎత్తిన మన తల్లిదండ్రులకు గంటా లేదు, పేరూ లేదు. ఆయన ఆ ఊరి నుంచి మొదలుపెట్టిన పోరాటం సఫాయి కర్మచారి ఆందోళనగా దేశమంతా పాకింది. 2013లో చట్టం వచ్చింది. 2014లో సుప్రీంకోర్టు డ్రైనేజీలో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబర్‌లో దాన్ని 30 లక్షలు చేసింది. 2016లో విల్సన్ గారికి మెగసెసే అవార్డు వచ్చింది. అయినా మాన్‌హోల్‌లో దిగడాలు ఆగలేదు, చావులు ఆగలేదు.

మాన్‌హోల్‌లో దిగేవాడికి ఉన్న ఎమర్జెన్సీ బటన్ ఏమిటో తెలుసా? నడుముకు కట్టిన తాడు. ఊపిరాడకపోతే తాడు లాగాలి. పైనున్న మనిషి అది చూసి లాగాలి. చాలాసార్లు ఆ తాడు కూడా ఉండదు. లోపలి విషవాయువు ఒకటి రెండు పీల్పుల్లోనే మనిషిని పడగొట్టేంత ఉంటే, తాడు లాగే తెలివి ఎక్కడ మిగులుతుంది? పైనున్న తమ్ముడో బావమరిదో కంగారుగా దిగుతాడు. వాడూ పడిపోతాడు. అందుకే ఈ చావులు జంటలుగా, ముగ్గురుగా ఉంటాయి. మనిషి పడి కదలకపోతే దానంతటదే కేక వేసే పరికరం ఈ దేశంలో తయారుకానిదేమీ కాదు. పోలీసు సెట్లలోకి వచ్చింది. మాన్‌హోల్ దగ్గరికి రాలేదు. ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప మనిషిని దించకూడదని నియమాలు అంటాయి కాబట్టి పరికరం ఇస్తే దించుతున్నామని ఒప్పుకున్నట్టు అవుతుంది. అందుకని ఇవ్వరు, దించుతారు. మేము కూడా పరికరం ఇవ్వమని అడగం. దించడం ఆపమనే అడుగుతాం. కానీ ఎవరి ప్రాణానికి ఎంత బుర్ర పెట్టి ఆలోచించారో చూపించడానికి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాం.

దళిత క్రైస్తవులకు ఇంకో చిక్కు ఉంది. 112కి ఫోన్ చేస్తే నీ మతం ఏమిటని అడగరు, మంచిదే. పోలీసు బండి వచ్చి వెళ్లాక, కేసు రాసేటప్పుడు ఆ ప్రశ్న వస్తుంది. ఎస్సీ, ఎస్టీల మీద దాడుల విషయంలో సహాయానికి 2021 డిసెంబర్‌లో 14566 నంబరు తెచ్చారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను ఆ గీత లోపలికి తీసుకున్నారు. మనం బయటే ఉన్నాం. గుంటూరు జిల్లాలో ఒక పాస్టర్ తనను కులం పేరుతో తిట్టి కొట్టారని అట్రాసిటీ కేసు పెడితే, క్రైస్తవ మతం ఆచరిస్తున్నవాడికి ఆ చట్టం వర్తించదని 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ కేసును కొట్టేసింది. తిట్టినవాళ్లకు ఆయన కులం గుర్తుంది. చట్టానికి మాత్రం గుర్తులేదు. అంటే మన చేతిలో బటన్ ఉంది, తీగ అవతల ఎక్కడో తెగి ఉంది.

యువతకు ఒక మాట. మన తెలుగు బైబిల్లో మాటిమాటికీ వచ్చే పదం "మొర". హాగరు కొడుకు ఎడారిలో పొద కింద ఏడ్చినప్పుడు, ఐగుప్తులో ఇటుకలు చేసిన బానిసలు మూలిగినప్పుడు, విధవరాలినీ తండ్రిలేనివాణ్నీ బాధపెట్టవద్దన్న ఆజ్ఞలో, అన్ని చోట్లా ఇదే. ఆ ఏడ్చినవాళ్లలో చాలామంది దేవుణ్ని పేరుపెట్టి పిలవను కూడా లేదు. ఊరికే ఏడ్చారు. విన్నాడు. యెరికో దారిలో బర్తిమయి అరిస్తే చుట్టూ ఉన్న భక్తులే నోరు మూసుకోమన్నారు. యేసు ఆగాడు. ఆ ఆగడం మీద మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. పోలీసు ఛానల్‌లో ఒకడు బటన్ నొక్కితే మిగతా అందరూ మాట ఆపి దారి ఇస్తారు. మన ఆరాధనలో, మన కమిటీ మీటింగులో అలా అందరూ మాట ఆపిన సందర్భం ఎప్పుడైనా ఉందా?

ఇక్కడ మా సంగతి దాచుకుంటే ఈ వ్యాసం అబద్ధమవుతుంది. మూడేళ్ల కిందట మా సంఘంలో ఒక సహోదరి భర్త కొడుతున్నాడని రెండుసార్లు మా దగ్గరికి వచ్చింది. రెండుసార్లూ ప్రార్థన చేసి, ఆయనతో మాట్లాడి, "సర్దుకో అమ్మా, పిల్లలున్నారు" అని ఇంటికి పంపించాం. మూడోసారి రాత్రి ఒంటిగంట దాటాక ఆమె మాకు ఫోన్ చేసింది. ఫోన్ సైలెంట్‌లో ఉంది. పొద్దున లేచి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్. అప్పటికే మణికట్టు విరిగి ఆసుపత్రిలో ఉంది. మమ్మల్ని చూసి కోప్పడలేదు. "మీకు చేశాను అయ్యగారూ, ఎత్తలేదు" అంది, అంతే. 112కి ఎందుకు చెయ్యలేదమ్మా అని అడగబోయి నోరు కట్టేసుకున్నాం. ఆమెకు ఆ బటన్ గురించి చెప్పాల్సిందెవరు? 2005 నాటి గృహహింస చట్టం ఉందనీ, 181 అని ఆడవాళ్ల నంబరు ఉందనీ, 15100కి చేస్తే ఉచితంగా వకీలు సాయం దొరుకుతుందనీ మేము పల్లెత్తు మాట చెప్పలేదు. మా పులిపీఠం నుంచి ఏనాడూ చెప్పలేదు. ప్రభుత్వానికి ఎన్ని ప్రశ్నలు వేశామో అన్నీ మా తలుపు మీద కూడా రాసుకోవాల్సినవే.

అందుకే మా సంఘంలో ఈమధ్య ఒక చిన్న పని మొదలుపెట్టాం. పెద్ద ఉద్యమమేమీ కాదు. రెండో ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ఫోన్లూ బయటకు తీయిస్తున్నాం. ఎవరి ఫోన్‌లో ఎమర్జెన్సీ బటన్ ఎలా పనిచేస్తుందో యువకులు పక్కన కూర్చుని చూపిస్తున్నారు. ఆట కోసం 112కి ఫోన్ చెయ్యనివ్వడం లేదు. ఆ సమయంలో ఇంకెవరో నిజంగా పిలుస్తూ ఉంటారు. ఇంటి మనుషుల నంబర్లు ఎమర్జెన్సీ కాంటాక్టులుగా పెట్టిస్తున్నాం. మా కానిస్టేబుల్ సహోదరుడు ఒక రోజు వచ్చి, కంట్రోల్ రూమ్‌వాళ్లు ముందు అడిగేది "ఎక్కడ" అని, "ఏమైంది" ఆ తర్వాతేనని చెప్పాడు. అది విని పౌరకార్మికులైన అక్కల కోసం ఒక కార్డు తయారుచేశాం. మెడలో వేసుకునే ఐడీ కార్డు వెనక పెట్టుకునేంత. దాని మీద వాళ్లు ఊడ్చే వీధి పేరు, దగ్గర్లో ఉన్న గుర్తు, కింద కన్నడ మాట తెలుగు అక్షరాల్లో: "నాను ఇల్లి ఇద్దేనె, బేగ బన్ని." చదువు రాని అక్కలు దాన్ని పాట నేర్చుకున్నట్టు పదిసార్లు అనిపించుకున్నారు. చెన్నైలో ఉన్న సంఘాలు తమిళంలో, బరంపురంవాళ్లు ఒడియాలో, షోలాపూర్‌వాళ్లు మరాఠీలో ఇలాంటిది చేసుకోవచ్చు. అర్ధరోజు పని.

ఇంకోటి కూడా మొదలుపెట్టాలని యువకులతో అంటున్నాం. జిల్లా కంట్రోల్ రూమ్‌లో అరెస్టయినవాళ్ల వివరాల బోర్డు ఉందో లేదో వెళ్లి చూడటం. మన స్టేషన్‌లో కెమెరాలు పనిచేస్తున్నాయా, రికార్డు ఎన్ని నెలలు ఉంచుతున్నారు అని సమాచార హక్కు కింద ఒక కాగితం పెట్టడం. గొడవకు కాదు, మర్యాదగా. 112 కేంద్రంలో తెలుగు మాట్లాడేవాళ్లు ఒక షిఫ్టుకు ఒకరైనా ఉండాలని వినతిపత్రం ఇవ్వడం. ముగ్గురు కుర్రాళ్లు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఇంట్లో అడిగి చెబుతామన్నారు; వాళ్ల భయం మాకు అర్థమైంది.

కార్డులు పంచిన రోజు, ఇరవై ఏళ్లుగా వీధులు ఊడుస్తున్న ఒక అవ్వ తన కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. వెనకవైపు ఖాళీగా ఉంది. "ఇక్కడ మీ నంబరు కూడా రాయండి అయ్యగారూ. ఆళ్లు ఎత్తకపోతే నీకు చేస్తా" అంది. రాశాం. ఆ రోజు నుంచి మా ఫోన్ రాత్రిపూట సైలెంట్‌లో పెట్టడం లేదు.